మమ్మల్ని నిలబెట్టి గీయండి

కోత కోసే మనిషిని గీయమంటే నా పెన్సిలు ముందు ఒక నడుము వంచేస్తుంది. ఆ తర్వాతే మిగతా మనిషి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే వృత్తిలో ఇది చేతికి పట్టిన అలవాటు. ఈసారి ఒక ప్రచురణకర్త పంటకోతల మీద పుస్తకం వేస్తూ, వరి, చెరకుతో పాటు మిరప కూడా ఉండి తీరాలన్నారు. వరి కోత చిన్నప్పటి నుంచి చూసిందే. మిరప కోత అలా కాదు. ఫిబ్రవరిలో గుంటూరు వైపు కోతలు ముమ్మరంగా ఉంటాయని బయలుదేరాను. తిరిగి హైదరాబాదు చేరాక కూడా సంచిలో పెట్టిన స్కెచ్ పుస్తకం తెరిస్తే తుమ్ము వస్తోంది.

మంగళవారం, కొండపల్లి

విజయవాడలో ఆటో ఎక్కి కొండపల్లి అన్నాను. ఇబ్రహీంపట్నం, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దాటాక ఆటో ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టింది. కొండపల్లి అంటే ఖిల్లాయే కదా అన్నాడు అబ్బాయి. బొమ్మలు చేసే వీధికి వెళ్ళాలని చెబితే, సగం కొండ మీద నుంచి బండి తిప్పాడు. ఎక్కినందుకూ దిగినందుకూ కలిపి 100 రూపాయలు ఎక్కువ అడిగాడు. "పైన గాలి మంచిది మేడం, దానికి డబ్బులు వేయలేదు" అని నవ్వాడు. ఇచ్చేశాను.

బొమ్మల కాలనీలో ఏ అరుగు చూసినా తెల్లపొణికి ముక్కలే. ఎంత తేలిక కర్రంటే, బారెడు దుంగను ఎత్తబోయి అంచనా తప్పి దాదాపు భుజం మీదుగా విసిరేశాను. నేను కూర్చున్న ఇంట్లో అరవై దాటిన పెద్దాయన ఎద్దు కాళ్ళు చెక్కుతున్నారు. మొండెం వేరు, కాళ్ళు వేరు, కొమ్ములు వేరు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మెత్తగా నూరిన మక్కుతో వాటిని అతికిస్తారు. అతుకు దగ్గర ఆయన బొటనవేలితో ఒక్కసారి రాస్తే చాలు, ఎద్దు భుజం వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆకురాయి, సున్నపు పూత, రంగులు. రంగుల పని ఆయన భార్యది.

అలమారలో పల్లెటూరు మొత్తం ఉంది. బండి తోలే రైతు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, రోకళ్ళతో దంచే ఇద్దరు ఆడవాళ్ళు, చేట ఎత్తి తూర్పారబట్టే మనిషి, కవ్వం పట్టిన ఇల్లాలు. అందరూ పనిలోనే ఉన్నారు, ఒక్కరి నడుమూ వంగలేదు. వరి కోసే మనిషి లేడు, కలుపు తీసే మనిషి లేదు.

"వంగిన బొమ్మ నిలబడదమ్మా" అన్నారు పెద్దాయన. "బరువు ముందుకు పడిపోతుంది. కింద బల్ల వేసి బిగించాలి. పార్సిల్లో చేతులు విరిగితే మళ్ళీ మన నెత్తినే."

భార్య కుంచె ఆపకుండానే అందుకున్నారు. "ఆయన చెప్పేది చెక్క లెక్క. వంగితే మొహం ఎక్కడ కనపడుతుంది? కళ్ళు దిద్దని బొమ్మను కొలువులో ఎవరు పెట్టుకుంటారమ్మా?"

ఆవిడ అప్పుడు దిద్దుతున్నవి దంచే ఆవిడ కళ్ళే. మేకవెంట్రుకల కుంచె, మూడు నాలుగు పోచల కన్నా లావు లేదు. ఎడమ కన్ను, కుడి కన్ను, బొట్టు. ఆ క్షణం దాకా సున్నపు ముద్దలా ఉన్నది నన్ను చూడడం మొదలుపెట్టింది. ఆ జంటనే కొన్నాను, 450 రూపాయలు. బేరం ఆడలేదు.

బుధవారం, విజయవాడ

పొద్దున్నే గాంధీనగర్ బాబాయి హోటల్లో ఇడ్లీ. పైన వెన్న కరుగుతుండగా తినేయాలి. మాటలు పెట్టుకుంటే ఇడ్లీ చల్లారుతుంది, వెనక నిలబడ్డవాళ్ళ ఓపికా నశిస్తుంది.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూశాను. 1887లో రాబర్ట్ సెవెల్ అనే బ్రిటిష్ అధికారి పునాది వేసిన భవనం. 1921లో పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించిన ఊరు ఇదేనని అక్కడ గర్వంగా చెబుతారు. శిల్పాలు చక్కనివి. దేవుళ్ళు, బుద్ధుడు, వీరులు. నాకు కావలసినవాళ్ళు లోపల కనిపించలేదు, బయట ఒక ఫ్లైఓవర్ కింద గోడ మీద కనిపించారు: నాట్లు వేసే ఆడవాళ్ళు, వరసగా, ఒకే చీర రంగు, ఒకే వంపు. ఒక్కరిని గీసి మిగతావాళ్ళను అచ్చు గుద్దినట్టుంది. దాని ముందే ఒకావిడ పునుగులు వేస్తోంది. ప్లేటు 30 రూపాయలు, అల్లం చట్నీ అడిగినంత. మూకుడు మీదకు వంగిన ఆవిడ మనిషి వచ్చినప్పుడల్లా తల ఎత్తి పలకరించింది. గోడ మీది ఆడవాళ్ళకు ఆ వీలు లేదు.

గురువారం, గుంటూరు మిర్చి యార్డు

నా స్నేహితురాలి మరిది ఇక్కడ కమీషన్ వ్యాపారం చేస్తాడు. అతని వెంట పొద్దున్నే వెళ్ళాను. గేటు దగ్గరే కొత్తవాళ్ళెవరో పాతవాళ్ళెవరో తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు దగ్గుతుంటారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. టీ కొట్టు కుర్రాడు అడగకుండానే బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ఎటు చూసినా టిక్కీలే, అంటే మిరప బస్తాలు. ఒక్కొక్కటి నలభై కిలోలకు పైనే. హమాలీలు చేతిలో కొక్కెం, తల మీద తువాలు చుట్టతో వాటిని ఎత్తుతారు. కొనుగోలుదారు మనిషి బస్తా చీల్చి గుప్పెడు తీస్తాడు, ఒక కాయను చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వింటాడు, విరుస్తాడు, వాసన చూస్తాడు. రకాల్లో తేజ కారానికి, బాడిగ రంగుకి. 334 అంటే ఇక్కడ అంకె కాదు, ఇంటి మనిషి పేరు. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం అది. తెల్లబడ్డ తాలు కాయల కుప్ప విడిగా, దాని ధరా విడిగా. తూకం వేసే దడవాయి బరువు చెబుతుంటే, వచ్చిన రైతు కాటా వంక చూడకుండా దడవాయి మొహం వంకే చూస్తున్నాడు.

ఒక హమాలీ నా పుస్తకంలోకి తొంగి చూసి, "కండలు బాగా వేయండి మేడం" అన్నాడు. వేశాను. మగవాళ్ళ శ్రమను గీసేటప్పుడు కళాకారులు కండలకు లోటు చేయరు. మద్రాసు మెరీనా తీరంలో శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన నలుగురు మనుషుల విగ్రహం ఉంది, 1959లో నిలబెట్టింది. బండరాయిని కదిలిస్తున్న ఆ నలుగురి వెన్నుల్లో ప్రతి నరమూ లెక్కపెట్టవచ్చు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కండ పోయి వంపు మిగులుతుంది.

లారీలు కదిలాక చీపుళ్ళతో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. నేల మీద రాలిన కాయలు ఊడ్చి, మట్టి చెరిగి, గోనెలో వేసుకుంటున్నారు. పొలంలో పరిగె ఏరుకున్నట్టే. ముగ్గురు కావడంతో ఫ్రాన్సు చిత్రకారుడు మిలే గుర్తుకురాక తప్పలేదు. 1857 నాటి ఆయన చిత్రంలోనూ పరిగె ఏరేది ముగ్గురే. ఇద్దరు పూర్తిగా వంగి, మూడో ఆవిడ సగం వంగి. మొహాలు దాదాపు నీడలోనే. వెనక దూరంగా పెద్ద కుప్పలు, నిండు బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పారిస్ ప్రదర్శనలో ఆ బొమ్మను చూసి డబ్బున్నవాళ్ళు చిరాకు పడ్డారు. పేదవాళ్ళను అంత పెద్దగా, అంత గంభీరంగా గీయడం వాళ్ళకు బెదిరింపులా తోచింది. నాకు ఆ చిత్రం ఎంతో ఇష్టం. అయినా యార్డులో నిలబడి చూస్తే ఒకటి తట్టింది. ఈ ముగ్గురూ ఊడుస్తున్నంత సేపూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు, చీటీ డబ్బుల గురించి. మిలే ఆడవాళ్ళు ఎందుకు అంత నిశ్శబ్దంగా ఉన్నారు?

మధ్యాహ్నం స్నేహితురాలి ఇంట్లో గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, ముద్దపప్పు. యార్డు నుంచి వచ్చినవాళ్ళు చేతులకు ముందు కొబ్బరినూనె రాసి తర్వాతే సబ్బు వాడాలని వాళ్ళ అత్తగారి ఆజ్ఞ. కారం మంట నీళ్ళకు లొంగదు, నూనెలోనే కరుగుతుంది.

శుక్రవారం, తాడికొండ దాటాక

అమరావతి రోడ్డులో లాం, తాడికొండ. బుర్రకథ నాజర్ పుట్టిన పొన్నెకల్లు ఇటువైపే. ప్రధాన రోడ్డు దిగాక నల్లరేగడి బాట. కల్లాల్లో ఆరబోసిన మిరప ఎర్రగా పరచుకుని ఉంది. ఈ కల్లాలను పై నుంచి డ్రోనుతో తీసిన ఫోటోలు ఏటా బహుమతులు గెలుస్తాయి. ఎర్రటి నేల, అక్కడక్కడ రంగు చుక్కలు. ఆ చుక్కలే ఆడవాళ్ళు. అందమైన ఫోటోలే, కాదనను. చుక్కకు పేరు అడగాల్సిన పని ఉండదు.

పొలంలో కోస్తున్నది కర్నూలు పడమటి మండలాల నుంచి వచ్చిన ముఠా. సొంత ఊళ్ళో వానాధారం పైరు అయిపోయాక ఇళ్ళకు తాళాలు వేసి వస్తారు, ఉగాదికి తిరిగి వెళతారు. పిల్లలూ వెంటే. తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలను పదేళ్ళ పిల్ల ఊపుతోంది. బడి గురించి అడిగితే, "పేరుంది" అంది.

చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తల నుంచి గడ్డం దాకా తువాలు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఎడమ చేత్తో కొమ్మ పట్టి, కుడి చేతి వేళ్ళతో కాయను కాస్త పైకి విరిచి లాగుతారు. తొడిమ ఊడకూడదు, కొమ్మ విరగకూడదు, ఎందుకంటే ఇంకో కోత ఉంది. మొక్క మోకాలు దాటి ఉంటుంది కాబట్టి పూర్తిగా వంగరు, పూర్తిగా నిలబడరు. రెండూ కాని ఆ భంగిమ నేను ఏ బొమ్మలోనూ చూడలేదు. గట్టు మీద కూర్చుని అదే గీస్తూ పోయాను.

నీళ్ళు తాగడానికి వచ్చిన ఒకావిడ, ముప్పై ఏళ్ళుంటాయేమో, పుస్తకం లాక్కుని చూసింది.

"ఇది నేనా అక్కా?"

"అవును."

"వెనక నుంచి గీశారేమిటి? నాకు మొహం లేదా?"

అందరూ చేరారు. పేజీలు తిప్పారు. ఎవరి వెన్ను ఎవరిదో గుర్తుపట్టి ఒకటే నవ్వు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "పొద్దంతా వంగేది ఎట్లాగూ వంగుతాం. బొమ్మలో కూడా వంచాలా? మమ్మల్ని నిలబెట్టి గీయండి" అంది.

నా దగ్గర జవాబు ఉంది. శ్రమను చూపాలంటే శరీరం చూపాలి, నిలబెట్టి గీస్తే అది పెళ్ళి ఫోటో అవుతుంది, వగైరా. ఆ గట్టు మీద అది చెప్పబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం పరదాల గుడిసెల దగ్గర జొన్నరొట్టెలు. అరచేతుల మధ్య రొట్టె తట్టే చప్పుడు పొలం దాకా వినిపిస్తుంది. చెనిక్కాయల కారం, పచ్చి ఉల్లిపాయ. గుంటూరు జిల్లాలో మిరప కోసే మనుషులు తమ కారం ఊరి నుంచి మూట కట్టుకుని తెచ్చుకున్నారు. ఇక్కడి కారం నచ్చలేదట. పొలం రైతు ఇంటి నుంచి మజ్జిగ పంపాడు, నన్ను మాత్రం ఇంటికొచ్చి భోంచేయమన్నాడు. ఇక్కడే తింటానంటే ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత రెండో పూటకు వస్తానని మాట ఇచ్చి సర్దుకున్నాను.

తిన్నాక అరగంట నిద్ర. ముఠాలోని ఒక కుర్రాడు చెట్టు కింద కాళ్ళు బారచాపి, నోరు తెరిచి పడుకున్నాడు. 1565లో బ్రూగెల్ అనే చిత్రకారుడు గీసిన గోధుమ కోతల చిత్రంలో సరిగ్గా ఇలాంటివాడే ఉంటాడు. చెట్టు కింద కొందరు తింటుంటారు, వాడు మాత్రం ఒళ్ళు మరిచి నిద్రపోతుంటాడు. ఆంట్‌వెర్ప్ వ్యాపారి ఇంటి కోసం వేసిన రుతువుల చిత్రాల్లో అది ఒకటి, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. డబ్బిచ్చి కొన్న వ్యాపారి కళ్ళ ముందు కూలివాడిని నిద్రపుచ్చిన ఆ పెద్దమనిషికి దణ్ణం పెట్టవచ్చు.

సాయంత్రం కాటా. వేప కొమ్మకు వేలాడదీసిన స్ప్రింగు కాటా, పక్కన మేస్త్రీ, చేతిలో నోటుపుస్తకం. కిలోకు 12 రూపాయలు. నన్ను నిలదీసిన ఆవిడ గోనె 38 చూపింది. మేస్త్రీ 37 అన్నాడు. గోనె బరువు తీసేశాడట. "తడి గోనె కాదు, పొడి గోనె. కిలో ఉండదు" అని ఆవిడ కదలలేదు. తువాలు తీసేసింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆ మొహం చూశాను. గడ్డం పైకెత్తి, కాటా ముల్లును వేలితో చూపుతూ, నిటారుగా నిలబడి ఉంది. మేస్త్రీ అర కిలో తగ్గించుకుని 37న్నర రాశాడు.

కోత గీసినవాళ్ళు కోకొల్లలు, కూలి ఇచ్చే పూటను గీసినవాళ్ళు చాలా తక్కువ. లెర్మిట్ అనే ఫ్రెంచి ఆయన 1882లో గీశాడు. పని ముగిసి కొడవళ్ళతో కూలి కోసం ఆగిన మనుషులు. అలసట ఉంది, లెక్క కూడా ఉంది. నేను ఆ పూట గీసిన ఒకే ఒక్క మంచి బొమ్మ కాటా దగ్గరిదే. ఆవిడ నిలబడే ఉంది కదా, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఉందట. వాళ్ళకు బొమ్మ కాదు, ఫోటో కావాలి. పని బట్టల్లో కాదు. పెట్టెలోంచి చీరలు తీశారు, తలలు దువ్వారు, పిల్లలకు మొహాలు కడిగారు. రైతు ఇంటి నుంచి తెచ్చిన కనకాంబరాలు పంచుకున్నారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు, పిల్లలతో సహా, చేతులు పక్కకు వేలాడేసి, ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. "వెనక మిరప చేను పడకూడదు" అన్నది పెద్దావిడ షరతు. ఎటు తిప్పినా చేనే.

శనివారం, అమరావతి

గుంటూరు నుంచి బస్సు. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది కాబట్టి ఈ రోజుకు ఉంచాను. స్తూపం ఉన్న దిబ్బను జనం దీపాలదిన్నె అనేవారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూసినప్పటికే రాళ్ళు కదిలిపోతున్నాయి. మంచి శిల్పాలు మద్రాసుకూ లండన్‌కూ వెళ్ళాయి. మిగిలినవి ఇక్కడ.

పొడుగాటి లావుపాటి పూలమాలను భుజాల మీద మోసే మనుషులు అమరావతి శిల్పాల్లో ప్రసిద్ధం. ఒక విరిగిన ముక్క ముందు చాలాసేపు నిలబడ్డాను. బరువు నిజంగానే భుజం మీద పడింది, మోకాలు మడిచిన తీరులో తెలుస్తోంది. కానీ తల ఎత్తే ఉంది. యార్డులో హమాలీ కూడా టిక్కీ ఎత్తాక తల దించడు, దించితే పడిపోతాడు. శిల్పికి మోత తెలుసు.

నాకు ఇంకా నచ్చింది ఒక శాసనం సంగతి. ఈ స్తూపానికి దానం ఇచ్చినవాళ్ళలో విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు. పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చి, తన పేరుతో పాటు తల్లిని, భార్యను, అన్నదమ్ములను, పిల్లలను, చుట్టపక్కాలను రాతి మీదకు ఎక్కించాడు. తోలు కోసే చేయి బొమ్మ వేయించుకోలేదు. నిండు కుండ చెక్కించి, కింద ఇంటిల్లిపాదినీ రాయించుకున్నాడు.

బయట చెరకు రసం 20 రూపాయలు. గుడి దగ్గర కృష్ణలో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ.

ఆదివారం, గుంటూరు

రైలు సాయంత్రం. బ్రాడీపేటలో ఒక చిన్న ఫోటో స్టూడియో తెరిచి ఉంది. ఎనిమిది కాపీలు, లామినేషన్‌తో. కంప్యూటర్ ముందున్న కుర్రాడు అడగకుండానే అందరినీ రెండు రంగులు తెల్లబరిచాడు. ఆపమన్నాను. వెనక చేను తీయాలంటే ఏం పెట్టమంటారని, తాజ్‌మహల్, ఊటీ పూలతోట, స్విట్జర్లాండ్ వరసగా చూపించాడు.

కాటా దగ్గర పోట్లాడిన ఆవిడకు ఫోను చేశాను. "మంత్రాలయం మఠం ఉందా అక్కా?" అంది. లేదు. తిరుమల గోపురం ఉంది. అక్కడ కాసేపు చర్చ జరిగింది, నాకు వినపడుతూనే ఉంది. తిరుమల ఖాయమైంది.

అయిదు నిమిషాల్లో మళ్ళీ ఫోను. ఊళ్ళో ఉండిపోయిన అత్తగారిని కూడా ఫోటోలో కలపవచ్చా అని. ఆధార్ కార్డు ఫోటో పంపింది. కుర్రాడు గొణుగుతూనే కత్తిరించి, కోడలి పక్కన నిలబెట్టాడు. ఆధార్ కార్డులో మెడ దాకే కాబట్టి ఒంటికి ఇంకెవరిదో చీర తగిలించాడు. మొత్తం 720 రూపాయలు అయింది. స్నేహితురాలి మరిది మర్నాడు అటు వెళ్ళే బండిలో పంపించాడు.

అత్తగారి తల మిగతావాళ్ళ తలల కన్నా కాస్త పెద్దదిగా వచ్చింది. అందిందని ఫోను చేసినప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంకో కాపీ కావాలన్నారు, ఆవిడకు పంపడానికి.